చెక్క ఎవరి దగ్గర ఉంది?

మా పక్కింటి మేడ మీద అమ్మాయిల హాస్టల్ పెట్టాక నా జనరల్ నాలెడ్జి బాగా పెరిగింది. పోటీ పరీక్షల కోచింగులకు పేరుపడ్డ అశోక్‌నగర్‌లో ఇది విశేషమేమీ కాదు. ఇక్కడ పావురాలకు కూడా రాజ్యాంగం సగం వచ్చి ఉంటుంది. ఆ పిల్లలు పొద్దున్నే ఒక చేత్తో తడిబట్టలు ఆరేస్తూ, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని గట్టిగా చదువుతారు. నేను ఇవతలి డాబా మీద కాఫీ తాగుతూ, ఫీజు కట్టకుండా చదువుకుంటాను.

మొన్న ఒకమ్మాయి జానపద కళల దగ్గర ఆగిపోయింది. “బుర్రకథల ప్రధాన కథకుని పక్కన ఎంతమంది వంతలు ఉంటరు...” అని రెండుసార్లు చదివి, ఆకాశంలోకి చూసింది.

“ఇద్దరు,” అన్నాను. “ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం.”

“మీకెట్ల తెలుసు ఆంటీ?”

“చెప్పాను కాబట్టి. హాస్యం నాది.”

“ఏ ఊర్ల?”

“ఇక్కడే, నారాయణగూడలో. కాన్వెంట్ స్కూల్లో. సిస్టర్లు చెప్పించారు.”

ఆ పిల్ల పుస్తకంలోకి ఒకసారి చూసి, “ఆప్షన్లల్ల లేదు ఆంటీ,” అని తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది.

ఆప్షన్లలో లేకపోయినా జరిగింది.

అప్పుడు మేము చిక్కడపల్లిలో ఒక పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు, పెరట్లో నాలుగు కుటుంబాలకు కలిపి ఒక కొళాయి. నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చాడు. ఆఫీసులో ఇంగ్లీషులో కోప్పడగలిగిన వాళ్ళకే ప్రమోషన్లు వస్తున్నాయని ఆయన గమనించాడు. తనకి కోపం తెలుగులోనే వచ్చేది. అందుకని నన్ను కాన్వెంటులో వేశాడు. మా నాయనమ్మకు అది ఇష్టం లేదు. “వాళ్ళు పిల్లల్ని ఏదో చేసేస్తారట్రా,” అనేది. ఏం చేస్తారో ఆవిడకూ స్పష్టంగా తెలీదు. తెలియదు కాబట్టి రోజూ సాయంత్రం నన్ను తలనుంచి పాదాలదాకా ఒకసారి తడిమి చూసుకునేది.

స్కూల్లో అడుగు పెట్టగానే ఎర్రగచ్చుకు రాసిన పాలిష్ వాసన, దాని మీద ఫినాయిల్ వాసన, చాపెల్ దాటుతుంటే కరిగిన మైనం వాసన వచ్చేవి. వారానికోరోజు వీటన్నిటినీ అణిచేస్తూ కాల్చిన గోధుమపిండి వాసన వచ్చేది. పూజకు కావలసిన పల్చటి అప్పాలు సిస్టర్లే కాల్చేవారు. గుండ్రంగా కత్తిరించగా మిగిలిన అంచుముక్కలు మాకు పంచేవారు. ఇంకా మంత్రించనివి కాబట్టి ఎవరైనా తినొచ్చు. ఒకసారి జేబులో దాచి నాయనమ్మకు తెచ్చి పెట్టాను. ఏమిటో చెప్పకుండా నోట్లో వేశాను. నమిలి, “ఉప్పూ లేదు, తీపీ లేదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?” అంది. ఆ తర్వాత మతం గురించి ఆవిడ భయం కొంత తగ్గింది.

స్కూలు పెద్దావిడను మేము మదర్ అనేవాళ్ళం. ఏ దేశమో మాకు తెలీదు. పొడుగ్గా, తెల్లగా, ఇస్త్రీ చేసినట్టు ఉండేది. ఈ ఊరికి వచ్చి ఎన్నేళ్ళయినా ఆవిడకు తెలుగు రాలేదు. నేర్చుకోకూడదనే నియమం ఏదో ఉందేమో అనుకునేవాళ్ళం. మీ తండ్రులు మిమ్మల్ని నా దగ్గరికి పంపేది ఇంగ్లీషు కోసం, అది నేర్పకపోతే నేను వాళ్ళను మోసం చేసినట్టే అని ప్రతి సోమవారం చెప్పేది. మా నాన్నను అడిగితే ఆయనా అదే అనేవాడు. కాబట్టి వాదనకు చోటు లేదు.

దానికోసం ఒక చెక్క ఉండేది. అరచేయంత చెక్క, దానికి తాడు. గేటు లోపల తెలుగు మాట్లాడినవాళ్ళ మెడలో పడుతుంది. వాళ్ళు ఇంకెవరైనా తెలుగు మాట్లాడితే పట్టుకుని వాళ్ళ మెడకు మార్చాలి. ఆఖరి గంట కొట్టేటప్పటికి అది ఎవరి దగ్గరుంటే వాళ్ళు చాపెల్ ముందు, పూలకుండీల పక్కన అరగంట నిలబడాలి. నేను ఎంత తరచుగా నిలబడేదాన్నంటే, తోటమాలి కుండీలకు నీళ్ళు పోస్తూ నా దగ్గరకొచ్చి ఒక్క క్షణం తటపటాయించేవాడు.

మాటలు ఆపుకోవడం నాకు చేతకాదు. ఎవరైనా ఏదైనా అంటే, దానికి తగిలించాల్సిన మాట నా నోట్లో అప్పటికే సిద్ధంగా ఉండేది. అది తెలుగులోనే సిద్ధంగా ఉండేది.

ఏటా క్రిస్మస్ ముందు స్కూల్లో నాటకం వేసేవాళ్ళం, ఇంగ్లీషులో. గొర్రెలకాపరులు తల మీద స్నానాల తువ్వాళ్ళు కట్టుకునేవారు. దేవదూత వేషం ఎప్పుడూ క్లాసులో అందరికంటే తెల్లగా ఉన్న పిల్లకు వెళ్ళేది. నాకు మూడేళ్ళు వరుసగా గొర్రె వేషం ఇచ్చారు. గొర్రెకు ఇంగ్లీషు అక్కర్లేదు, అదొక్కటే దాని సుగుణం. నాటకానికి ముందు మదర్ ముప్పావుగంట ప్రసంగించేది. తల్లిదండ్రులు అప్పుడు మొదలుపెట్టిన నిద్రను నాటకం చివరిదాకా కొనసాగించేవారు.

నేను ఎనిమిదో క్లాసులో ఉండగా సంగీతం నేర్పడానికి ఒక కొత్త సిస్టర్ వచ్చింది. ఆవిడా తెల్లావిడే, కానీ తెలుగు వచ్చు. ఓడలో వస్తూ పాత బైబిలూ, పాత వ్యాకరణమూ పెట్టుకుని నేర్చుకుందట. మొదటిరోజు మేము అల్లరి చేస్తుంటే లోపలికి వచ్చి, “బాలికలారా, కోలాహలము మానుడు,” అంది. మానేశాం. ఆ దెబ్బకు ఎవరైనా మానేస్తారు.

ఈ సిస్టర్ అంతకుముందు నల్గొండ వైపు ఒక పల్లెలో పనిచేసింది. అక్కడ తను దేవుడి కథ చెబితే అందరూ మర్యాదగా కునికేవారట. అదే జనం ఒక రాత్రి బుర్రకథకు తెల్లవార్లూ కళ్ళార్పకుండా కూర్చున్నారట. అది చూశాక ఆవిడకు మరో ధ్యాస లేకుండా పోయింది. ఈసారి క్రిస్మస్‌కు బుర్రకథ చెప్పించాలని నేరుగా మదర్‌ను అడిగింది.

కథ చెప్పేది మా పొడుగమ్మాయి. క్లాసులో ఆఖరి బెంచీ, నా పక్కన. వాళ్ళ నాన్న చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఆ పిల్ల గొంతు విప్పితే అవతలి పేట బర్కత్‌పురలో ఎవరో తలుపు తీసి చూసేవారు. వంతల్లో రాజకీయం ఒక నెమ్మదైన పిల్లకు ఇచ్చారు. హాస్యం ఎవరికని సిస్టర్ అడిగినప్పుడు క్లాసంతా నావైపు చూసింది. ఓటింగు అక్కర్లేకపోయింది.

“హాస్యము నీవే కల్పించుకొనుము,” అంది సిస్టర్ నాతో. “నాకు హాస్యము రాదు.”

మూడేళ్ళు గొర్రెగా ఉన్నదానికి మాటలున్న వేషం. అవీ నా మాటలు. ప్రపంచంలో ఇంక నాకేమీ అక్కర్లేదని ఆ సాయంత్రం నాకు తెలిసిపోయింది.

మదర్ వద్దనలేదు. షరతు పెట్టింది. వెరండా చివరనున్న సంగీతం గదిలో తెలుగు ఉండొచ్చు, గుమ్మం బయట మాత్రం కుదరదు. ఇకమీదట ఆఖరి గంటప్పుడు చెక్క ఎవరి దగ్గర ఉంటే వాళ్ళకు ఆ ఏడాది కార్యక్రమంలో చోటు లేదు. “రూల్ ఈజ్ ఎ రూల్,” అంది. “ఎవరైనా సరే.”

అయితే నా గదిలో చెక్క తిరగబడాలి, అక్కడ ఇంగ్లీషు మాట్లాడినవాళ్ళకు పడాలి, అని సిస్టర్ అడిగింది. మదర్‌కు అందులో న్యాయం కనిపించింది. ఒప్పుకుంది.

మిగతావాళ్ళకు ఇది మామూలు నియమం. నాకు మాత్రం ఉరితాడు. పొడుగమ్మాయి నా మొహం చూసి, “ఇగ నీ పని అయిపోయింది పో. గొర్రెతోలు దులిపి పెట్టుకో,” అంది. అప్పుడు మేము గది లోపలే ఉన్నాం.

“మాట్లాడను,” అన్నాను.

“నువ్వా?”

“నేనే.”

“రేపు పొద్దుగాల ప్రార్థన దాకనన్న ఆగుతవా?”

ఆగాను. ఆ మర్నాటి నుంచి గేటు దాటగానే నోరు మూసుకున్నాను. ఇంగ్లీషు కూడా మాట్లాడలేదు, ఇంగ్లీషు వెనకే తెలుగు జారిపడుతుందని. టీచరు ప్రశ్న అడిగితే లేచి బోర్డు మీద రాసి కూర్చున్నాను. చెక్క ఉన్నవాళ్ళంతా నా చుట్టూ చేరేవారు. నా మెడ మీద బల్లి ఉందని ఇంగ్లీషులో చెప్పేవారు. నా అన్నం డబ్బాలో ఆవకాయ ముక్క నా కళ్ళెదురుగానే తినేసేవారు. ఆవకాయ దగ్గర నిజంగా కష్టమయ్యింది.

కొన్నాళ్ళకు ఒక సంగతి అర్థమైంది. పొద్దున ఇంట్లో మాట్లాడితే ఆ వేగం గేటు దాటాక కూడా ఆగడం లేదు. కాబట్టి ఇంట్లోనూ మానేశాను. తలూపడం, వేలితో చూపించడం, అంతే. సంగీతం గదిలో మాత్రం రోజూ ఒక గంట ఆనకట్ట తెగినట్టు ఉండేది. సిస్టర్ చెవులు మూసుకుని, “సావధానముగా, సావధానముగా,” అనేది. పొడుగమ్మాయి భుజాన తంబురా, ఇంటి పరదాలకుండే ఇత్తడి రింగులే ఆ పిల్ల వేళ్ళకు అందెలయ్యాయి. మా ఇద్దరి చేతుల్లో బుడిగెలనే చిన్న డోళ్ళు. సిస్టర్ పద్యాలు గ్రాంథికంలో రాసేది, పొడుగమ్మాయి వాటిని పాడుతూ పాడుతూ మనుషుల తెలుగులోకి దించేసేది.

ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలి. పైగా యేసు కథ అంటే నాయనమ్మ ఏమంటుందో తెలీదు.

నాయనమ్మ వైపునుంచి చూస్తే జరిగింది వేరు. పుట్టినప్పటినుంచీ నోరు మూయని పిల్ల ఉన్నట్టుండి పలకడం మానేసింది. పెట్టింది తింటోంది, ఎవర్నీ ఏమీ అనడం లేదు. నాన్న దీన్ని చదువు ప్రభావం అన్నాడు. నాయనమ్మ నమ్మలేదు. దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఒక మధ్యాహ్నం గొడుగు తీసుకుని, రిక్షా ఎక్కి నారాయణగూడ వచ్చేసింది.

ఆరోజు చెక్క పొడుగమ్మాయి దగ్గర ఉంది. మధ్యాహ్నం అన్నం తింటుంటే ఒక కాకి ఆ పిల్ల చేతిలో జొన్నరొట్టె ఎత్తుకుపోయింది. “ఏయ్, నా రొట్టె!” అని దాని వెంట అరిచింది. కాకికి ఇంగ్లీషు రాదు కదా అని ఎంత వాదించినా చెక్క మెడలో పడింది. ఆఖరి గంటకు ఇంక ఎంతో సేపు లేదు. కథకురాలే లేకపోతే కథ లేదు. పాపం, క్లాసులో అందరి నోళ్ళవైపూ ఆశగా చూస్తోంది.

సరిగ్గా అప్పుడు నాయనమ్మ వెరండా మెట్లెక్కింది.

“ఏమేవ్. ఇటు రా. నీకేమైందే?”

నేను బయటికి వచ్చాను. వెరండా అవతల మదర్ నిలబడి చూస్తోంది. కిటికీల నిండా క్లాసు. నా వెనకే పొడుగమ్మాయి, చెక్క చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉంది. ఆ పిల్లను తప్పు పట్టను, నేను ఒక్క మాట తెలుగులో అంటే తను బతుకుతుంది. కానీ నా వేషం పోతుంది. ఇంగ్లీషులో అంటే నాయనమ్మ భయపడ్డదంతా నిజమవుతుంది, మర్నాటినుంచి కాన్వెంటే ఉండదు.

“పలకవేమే? నోరు కుట్టేశారా?”

నేను నాయనమ్మ చెయ్యి పట్టుకుని నడవడం మొదలుపెట్టాను.

“ఎక్కడికే? చెయ్యి లాగుతావేంటే, పడతానే. ఓ తెల్లమ్మా, చూశారా ఏం చేశారో మా పిల్లని?”

మదర్‌కు అర్థం కాలేదు, కానీ ఆవిడా మా వెనక బయల్దేరింది. ఆవిడ వెనక పొడుగమ్మాయి. అది చాలా పొడుగు వెరండా. నాయనమ్మ దారిపొడుగునా ప్రశ్నలు వేస్తూనే ఉంది. వాటికి నా దగ్గరున్న జవాబులన్నీ పళ్ళ వెనక వరుసలో నిలబడ్డాయి. పళ్ళు బిగించాను. సంగీతం గది గుమ్మం దాటాను.

“నాకేం కాలేదు నాయనమ్మా నేను బాగానే ఉన్నాను వీళ్ళేం చేయలేదు నేనే మాట్లాడటం మానేశాను బయట తెలుగు మాట్లాడితే వేషం పోతుంది ఇక్కడైతే పరవాలేదు ఇప్పుడడుగు ఏం కావాలంటే అది అడుగు—”

“ఆపవే తల్లీ,” అంది నాయనమ్మ. గోడకు చెయ్యి ఆన్చి ఊపిరి తీసుకుంది. “మాట ఉంది.”

“అమ్మగారూ, దయచేసి ఆసీనులు కండు,” అంది అప్పటికే గదిలో ఉన్న సిస్టర్.

నాయనమ్మ చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. వెళ్ళి పియానో ముందున్న గుండ్రటి స్టూలు మీద కూర్చుంది. అది తిరిగే స్టూలు. “మా పిల్లని ఇంతగా హింస పెడతారా,” అని మొదలుపెట్టేలోపల మెల్లగా గోడవైపు తిరిగిపోయింది. నేనూ సిస్టరూ కలిసి మళ్ళీ ఇటు తిప్పాం.

“ఏం వేషమే?”

“బుర్రకథ.”

“ఎవరి కథ?”

“యేసు పుట్టిన కథ.”

నాయనమ్మ తంబురా వైపు చూసింది, రింగుల వైపు చూసింది, నావైపు చూసింది.

“మళ్ళీ గొర్రె కాదుగా?”

“హాస్యం.”

ఆవిడ ఇంక ఏదో అనబోతుంటే మదర్ లోపలికి వచ్చింది. ఈవిడ ఎవరు, ఒక విద్యార్థిని పెద్దావిడను అలా లాక్కురావడం ఏమిటి, నాకు ఎవరైనా చెబుతారా అని అడిగింది. మంచి ఇంగ్లీషులో, పూర్తి వాక్యాల్లో అడిగింది.

గదిలో ఏదో జరగబోతోందని అందరికీ తెలిసింది, మదర్‌కు తప్ప.

పొడుగమ్మాయి మెడలోంచి తాడు తీసింది.

“మదర్, ఈ రూముల ఇంగ్లీషు మాట్లాడొద్దు. మీరు మాట్లాడిండ్రు. జర ఇది తీసుకోండ్రి.”

మాటలు అర్థం కాకపోయినా చెక్క అర్థమైంది. మదర్ సిస్టర్ వైపు చూసింది. సిస్టర్ గోడ మీదున్న సిలువ వైపు చూస్తోంది, చాలా శ్రద్ధగా. అప్పుడే ఆఖరి గంట కొట్టారు.

మదర్ చెయ్యి చాచి చెక్క తీసుకుంది. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “రూల్ ఈజ్ ఎ రూల్,” అంది. ఆ గదిలో అది రెండో తప్పు, కానీ వేయడానికి ఇంకో చెక్క లేదు.

ఆవిడ వెళ్ళాక నాయనమ్మ అడిగింది, “ఏమంటుందే?”

“ఒప్పుకున్నారు.”

“పెద్దమనిషే,” అంది నాయనమ్మ.

ఆ ఏడాది కార్యక్రమంలో మదర్ ప్రసంగం లేదు. చెక్క ఎవరి దగ్గరుంటే వాళ్ళకు చోటు లేదు మరి. కారణం తెలియని తల్లిదండ్రులు చాలాసేపు బిగుసుకుని కూర్చున్నారు. తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. స్కూలు చరిత్రలో మొదటిసారి ఆట మొదలయ్యేటప్పటికి అందరూ మేలుకుని ఉన్నారు. ముందు వరుసలో మదర్, ఆవిడ పక్కన మా నాయనమ్మ. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు, ఆవిడే వెళ్ళి కూర్చుంది.

పొడుగమ్మాయి అందెలు మోగించి అందుకుంది:

“ఊరు కాని ఊరిలోన — తందాన తాన
నిండుచూలు ఆలితోడ — తందాన తాన
తలుపు తలుపు తట్టినాడు — తందాన తాన”

నేను ముందుకొచ్చాను. నడుం మీద చెయ్యి పెట్టుకుని, బెత్లెహేములో ఇల్లుగలాయన్ని అయ్యాను.

“ఎవరది? కిరాయికి పోర్షన్ గావాల్నా? ఎంతమంది ఉంటరు?”

“ఇద్దరమండీ,” అంది పొడుగమ్మాయి, జోసెఫ్ గొంతుతో.

“ఇద్దరంటివి, చూస్తే ముగ్గురి లెక్క కొడుతున్నది. చుట్టాలొస్తరా?”

“తూర్పు నుంచి ముగ్గురు జ్ఞానులు...”

“ఒంటెలు గేటు బయటనే కట్టుకోవాలె. నీళ్ళు పొద్దున ఒక గంట. తొమ్మిదింటికి తాళమేస్త. ఆ తర్వాత మీ దేవదూతలొచ్చి పాటలు పాడితే నేను ఊకోను.”

గ్రౌండులో కూర్చున్నవాళ్ళలో సగంమంది అద్దె ఇళ్ళవాళ్ళు. మిగతా సగం ఇళ్ళుగలవాళ్ళు. నవ్వు రెండువైపులనుంచీ వచ్చింది. కానీ నేను చూస్తున్నది ముందు వరుసను. నాయనమ్మ మొదట పెదవులు బిగించుకుని కూర్చుంది, ఇంటి పరువు తన మొహం మీదే ఉన్నట్టు. “చుట్టాలొస్తరా” దగ్గర భుజాలు కదిలాయి. ఒంటెల దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాళం దగ్గర కొంగు కూడా పనిచేయలేదు. మదర్ స్టేజీ వైపు చూడటం ఎప్పుడో మానేసింది. నాయనమ్మనే చూస్తోంది. నాయనమ్మ నవ్వగానే, ఒక్క లిప్త ఆలస్యంగా, తనూ నవ్వుతోంది. ప్రతిసారీ అంతే. రాని భాషలో వచ్చిన ఒక్క నవ్వూ వదలలేదు.

తిరిగి వస్తూ రిక్షాలో నాయనమ్మ అంది, “ఆ ఇంటాయన మన ఇంటాయనే కదే?”

“ఆయనే.”

“ఒంటెల సంగతి మాత్రం మనల్ని అడగలేదు.”

“మనకు లేవు కదా.”

మరుసటి ఏడాది స్కూల్లో కొత్త చెక్క వచ్చింది, నున్నగా, వార్నిష్ వేసి. నియమం అలాగే ఉంది. సిస్టర్‌ను ఇంకో పల్లెకు పంపారు. వెళ్ళేరోజు మా ముగ్గుర్నీ పిలిచి, “మిమ్ము మరువను,” అంది. ఆ భాషలో ఆ మాట అబద్ధం కావడానికి వీల్లేదనిపించింది. మదర్ ఈ ఊళ్ళోనే కన్నుమూసి, నారాయణగూడ సమాధుల్లోనే ఉంది. పొడుగమ్మాయి అదే చర్చిలో పాటలవాళ్ళకు పెద్దయింది. బర్కత్‌పురలో ఇప్పటికీ వినిపిస్తుందనే నా నమ్మకం.

నాన్న లెక్క తప్పలేదు. నేను ఇంగ్లీషులో కోప్పడటం నేర్చుకున్నాను, ప్రమోషన్లు వచ్చాయి. అది వాళ్ళు ఇచ్చిందే, కాదనను. నా తెలుగును గేటు దగ్గర ఆపిందీ వాళ్ళే, వెరండా చివర దానికి ఒక గది ఇచ్చి తంబురా చేతికిచ్చిందీ వాళ్ళే. ఈ రెండింట్లో ఏది ఎక్కువ అని నన్ను ఎవరైనా అడిగితే, ఆ గదిదాకా నడిచింది నేను అని చెబుతాను.

ఉద్యోగంలో ఎన్నో మీటింగుల్లో పెద్దవాళ్ళు నాకు నచ్చజెప్పారు. కాస్త నోరు అదుపులో పెట్టుకుంటే ఇంకా పైకి వస్తావన్నారు. వాళ్ళు చెప్పింది నిజమే అయి ఉంటుంది. కానీ నోరు మూసుకోవడం నాకు చేతనవుతుందని ఎనిమిదో క్లాసులోనే రుజువు చేశాను. మళ్ళీ రుజువు చేయాల్సినంత మంచి వేషం తర్వాత ఎవరూ ఇవ్వలేదు.